ఫియోర్డ్ ఒడ్డున ఎన్ని రాత్రులు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నార్వే ఫియోర్డ్‌ల ప్రయాణం గురించి కొన్ని నెలలుగా వస్తున్న ఉత్తరాలలో ఆరింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను. సముద్రం సన్నని పాయగా కొండల నడుమకు మైళ్ల కొద్దీ చొచ్చుకుపోయిన చోటును అక్కడివారు ఫియోర్డ్ అంటారు. రాసినవారి పేర్లు తీసివేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేము భార్యాభర్తలం, తొమ్మిదేళ్ల బాబు. బడి సెలవులు ముగిసేలోగా, మే చివరి వారంలో బయలుదేరి పది రోజులు తిరిగి రావాలని అనుకుంటున్నాము. ఒక టూర్ సంస్థవారు డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, నార్వే నాలుగూ చూపిస్తామంటున్నారు కానీ, అందులో ఫియోర్డ్‌కు ఒక్క పగలే కేటాయించారు. మాకు అసలు ఆశ ఫియోర్డ్‌ల మీదనే. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి మాటే మీకు సగం జవాబు. ఫియోర్డ్‌ల కోసం ఇల్లు కదులుతున్నవారు, వాటికి ఒక్క పగలు మాత్రమే దక్కే పథకానికి డబ్బు కట్టనక్కర లేదు. మీరు బొమ్మలలో చూసి ఆశపడిన నిట్టనిలువు కొండల ఫియోర్డ్‌లు ఆ నాలుగు దేశాలలో నార్వేలోనే, అందులోనూ ప్రధానంగా పడమటి తీరంలోనే ఉన్నాయి. డెన్మార్క్‌లోనూ కొన్ని జలభాగాలకు ఫియోర్డ్ అనే పేరుంది కానీ, వాటి చుట్టూ ఉన్నది పల్లపు నేల. ఓస్లో నగరం ముందున్న ఓస్లోఫియోర్డ్ కూడా పొట్టి గట్ల మధ్య పరుచుకున్న నీరే. అది చూసి ఫియోర్డ్ చూశామనుకొని తిరిగివచ్చినవారు నాకు తెలుసు. మిగిలిన మూడు దేశాలను మరో ఏటికి వదిలి, పది రోజులూ నార్వేకే ఇవ్వండి. అందులో ఒకే ఫియోర్డ్ ఒడ్డున కనీసం మూడు రాత్రులు ఉండండి.

మూడు రాత్రులు ఎందుకంటే, అక్కడ కొండలను చూపించేదీ దాచేదీ మబ్బే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క రాత్రి బసతో సరిపెట్టుకొని, మర్నాడు పడవలో కూర్చున్న రెండు గంటలూ తెల్లని పొగమంచునే చూసి వచ్చాను. పక్కనే వెయ్యి మీటర్ల కొండ ఉందని చేతిలోని పటం చెబుతోంది కానీ, కంటికి మాత్రం మనిషి ఎత్తు రాతి గోడే ఆనింది. మూడు రోజులుంటే వాటిలో ఒక పూటైనా తెరిపి ఇస్తుందని ఆశపడవచ్చు. రెండో కారణం జనం. వేసవిలో పెద్ద పెద్ద విహార నౌకలు పొద్దున వచ్చి, కొన్ని వందల గడప మాత్రమే ఉన్న పల్లెలో వేలమందిని దించి, సాయంత్రానికి తీసుకువెళ్లిపోతాయి. అవి కదిలాక ఆ నీటి ఒడ్డున ఉండేవారు అక్కడ బస చేసినవారే. మే చివరలో రాత్రి పదిన్నర దాటినా వెలుతురు పూర్తిగా పోదు కాబట్టి, ఆ సాయంత్రమే మీ ప్రయాణంలో అన్నింటికంటే పొడవైన భాగం అవుతుంది.

దారి ఇలా పెట్టుకోవచ్చు. విమానం ఓస్లోలో దిగి, తిరుగు ప్రయాణం బెర్గెన్ నుంచి ఉండేటట్టు టికెట్ తీసుకుంటే ఒకే దారిని రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. ఓస్లోలో ఒకటి రెండు రాత్రులు నిద్ర తీర్చుకొని, బెర్గెన్ వెళ్లే రైలు ఎక్కండి. 1909లో పూర్తయిన ఈ రైలుమార్గం 1,237 మీటర్ల ఎత్తు వరకు ఎక్కి దిగుతుంది. దారిలో 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ దగ్గర మే చివరలో కూడా సాధారణంగా మంచు పరుచుకొని ఉంటుంది. మీ బాబుకు అక్కడ కిటికీ పక్క సీటు ఇవ్వండి. మిర్దాల్‌లో దిగి, ఫ్లోమ్ వెళ్లే చిన్న రైలులోకి మారాలి. ఇది కేవలం 20 కిలోమీటర్ల దారి. కానీ ఆ కొద్ది దూరంలోనే 866 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు సముద్ర మట్టానికి, 20 సొరంగాల గుండా, దాదాపు గంటసేపు మెలికలు తిరుగుతూ దిగుతుంది. మామూలు రైలుపట్టాల మీద ఇంత ఏటవాలు దారులు ప్రపంచంలో అరుదు. మధ్యలో చ్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర వేసవిలో రైలును కాసేపు ఆపుతారు; తుంపర మీద పడుతుంది కాబట్టి కెమెరాకు గుడ్డ చుట్టుకోండి.

ఆ మూడు రాత్రులకూ, ఫియోర్డ్ ఒడ్డునున్న ఫ్లోమ్‌లో గది దొరకకపోయినా, ధర మరీ ఎక్కువగా ఉన్నా బాధపడనక్కర లేదు. కొద్ది దూరంలోనే ఉన్న ఔర్లాండ్ ఊరు నా దృష్టిలో ఇంకా మేలు. అక్కడి కొండ మీద, నీటికి 650 మీటర్ల ఎత్తున, గాలిలోకి చాచిన స్టెగాస్టైన్ అనే చూపువేదిక ఉంది. వేసవిలో ఫ్లోమ్ నుంచి బస్సులు వెళ్తాయి. ఒక పూట ఉండ్రెదాల్ అనే పల్లెకు కూడా వెళ్లండి. వంద మంది కూడా లేని ఆ ఊరికి 1988 వరకు రోడ్డు లేదు, పడవే దిక్కు. మేకలు మాత్రం మనుషులకంటే ఎక్కువ, వాటి పాలతో చేసే జున్ను ఆ ఊరికి పేరు తెచ్చింది. మూడో రోజో నాలుగో రోజో, ఆకాశం బాగున్న పూట చూసుకొని గుడ్వాంగెన్ పడవ ఎక్కండి. ఆ రెండు గంటల ప్రయాణంలో రెండో సగం నేరోయ్‌ఫియోర్డ్‌లో సాగుతుంది. అతి ఇరుకైన చోట దాని వెడల్పు 250 మీటర్లే. గైరాంగర్‌ఫియోర్డ్‌తో కలిపి దీనిని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ మార్గంలో 2018 నుంచి బ్యాటరీతో నడిచే పడవ తిరుగుతోంది కాబట్టి, ఇంజిను రొద లేకుండా జలపాతాల చప్పుడు వినబడుతుంది. గుడ్వాంగెన్ నుంచి బస్సులో వోస్, అక్కడి నుంచి రైలులో బెర్గెన్ చేరుకోవచ్చు.

బెర్గెన్‌కు రెండు రాత్రులు చాలు. సంవత్సరంలో రెండు వందల రోజులకు పైగా వాన పడే ఊరది. సముద్రపు మబ్బులు తీరపు కొండలకు తగిలి అక్కడే కురిసిపోతాయి కనుకనే, వాటి వెనుకనున్న లోపలి ఫియోర్డ్‌లలో వాన తక్కువ. నేను ఎక్కువ రాత్రులు లోపల పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం. మే, జూన్ నెలలు బెర్గెన్‌లోనూ కొంత నయమే. రేవు పక్కన బ్రిగ్గెన్ అనే పాత కొయ్య ఇళ్ల వరుస, 1918 నుంచి ఫ్లోయెన్ కొండ మీదికి జనాన్ని ఎక్కిస్తున్న తాడు రైలు, ఇవి ఒక రోజు పని. రెండో రోజు బస్సులో హార్డాంగర్‌ఫియోర్డ్ ఒడ్డునున్న నూర్‌హైమ్‌సుండ్ వెళ్లండి. ఆ ప్రాంతం ఆపిల్ తోటలకు ప్రసిద్ధి, పూత మే నెలలోనే. అక్కడి స్టైన్స్‌డాల్స్‌ఫోసెన్ జలపాతం వెనుకగా కాలిబాట ఉంది. నీటి తెర వెనుక నిలబడి బయటికి చూడవచ్చు.

వీసా సంగతి. నార్వే ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు కానీ, ఒకే వీసాతో చాలా ఐరోపా దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఉంది, కనుక మీకు కావలసినది షెంగెన్ వీసా. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు అంటారు కానీ, వేసవికి ముందు దరఖాస్తు కేంద్రాలలో తేదీలు దొరకడమే కష్టం, కాబట్టి ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టండి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట విమానం మారితే ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది, అందుకని రెండు విమానాల మధ్య గంటన్నర వ్యవధి ఉన్న చవక టికెట్‌కు ఆశపడవద్దు.

ప్రశ్న: మా ఊరి నుంచి లాంచీలో పాపికొండలు ఎన్నోసార్లు చూశాను. ఫియోర్డ్ కూడా కొండల మధ్య నీరే కదా, అంత ఖర్చు పెట్టి వెళ్లి చూడవలసిన తేడా ఏముంది? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పాపికొండల మీద మీ అభిమానంతో నాకు తగవు లేదు. ఒక మలుపు దాటగానే దారి మూసుకుపోయినట్టు కనిపించి, దగ్గరకు వెళ్లేసరికి కొండలు పక్కకు తప్పుకొనే ఆ తమాషా నేరోయ్‌ఫియోర్డ్‌లోనూ ఉంది. తేడా ఆ సందును చెక్కిన చేతిలో ఉంది. పాపికొండల నడుమ దారిని గోదావరి చెక్కింది. నదీ ప్రవాహం తన అడుగును కోసుకుంటూ పోతుంది కాబట్టి, కొండల మధ్య నది తవ్విన లోయ సాధారణంగా గరాటులా కిందికి సన్నబడుతుంది. ఫియోర్డ్‌ను తవ్వింది హిమానీనదం. మంచు యుగాలలో వందల, వేల మీటర్ల మందాన పేరుకున్న మంచు, తన బరువుతో జారుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్లతో లోయ అడుగునూ ప్రక్కలనూ కలిపి గీరేసింది. అందువల్ల గోడలు నిలువుగా, అడుగు వెడల్పుగా తొట్టిలా తయారైంది. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ తొట్టిలోకి సముద్రం వచ్చింది. మీరు పడవలో వెళ్లేది ఉప్పునీటి మీద. అక్కడ ఆటుపోట్లు కూడా ఉంటాయి.

దీనివల్ల రెండు విచిత్రాలు కలిగాయి. మొదటిది లోతు. దాదాపు 205 కిలోమీటర్ల పొడవున్న సోగ్నెఫియోర్డ్ లోపలి భాగంలో 1,300 మీటర్లకు పైగా లోతుంటే, సముద్రంలో కలిసే చోట రెండు వందల మీటర్లు కూడా లేదు. లోయ నోటి దగ్గరకు వచ్చేసరికి మంచు పలుచబడి, తవ్వే బలం తగ్గి, అక్కడ ఒక గడప మిగిలింది. రెండోది, అంత ఎత్తు నుంచి వేలాడే జలపాతాలు. పక్క లోయలలోని చిన్న హిమానీనదాలు ప్రధాన లోయ అంత లోతుగా తవ్వలేకపోయాయి కనుక, వాటి వాగులు ఇప్పుడు గోడ మధ్యలో హఠాత్తుగా తెగి, నేరుగా కిందికి దూకుతున్నాయి. గైరాంగర్‌ఫియోర్డ్‌లో ఏడు పాయలుగా పడే ఏడుగురు అక్కచెల్లెళ్ల జలపాతం అలాంటిదే. ఎదుటి గోడ మీద ఒంటరిగా పడేదానికి పెళ్లికొడుకు అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడుగురిలో ఒక్కరూ ఒప్పుకోలేదట. ఇవన్నీ మంచు కరిగే మే, జూన్ నెలలలో నిండుగా ఉంటాయి, ఆగస్టు నాటికి కొన్ని పాయలు చిక్కిపోతాయి.

ఆ నిలువు గోడలకు మరో ముఖం కూడా ఉంది. 1934లో తాఫియోర్డ్‌లో కొండచరియ నీటిలోకి విరిగిపడి, లేచిన అలలకు 40 మంది చనిపోయారు. గైరాంగర్‌కు సమీపంలో ఓకెర్‌నేసెట్ అనే కొండపై ఉన్న పగులును ఇప్పుడు పరికరాలతో అనునిత్యం కనిపెడుతూ ఉంటారు. భయపెట్టడానికి చెప్పడం లేదు; ఆ ఒడ్డు పల్లెల బ్రతుకులో అదీ ఒక భాగం.

ప్రశ్న: మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్వీడన్ ఇచ్చిన షెంగెన్ వీసా మీద రెండు నెలలు అతని దగ్గర ఉండబోతున్నాము. నాకు 68 ఏళ్లు, మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నార్వే వెళ్లాలంటే మళ్లీ వీసా కావాలా? కొండలెక్కకుండా చూడగలమా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేరే వీసా అవసరం లేదు. వీసా మీద రాసిన గడువు, రోజుల లెక్క మించకుండా, ఏ 180 రోజులలోనూ మొత్తం 90 రోజులు దాటకుండా చూసుకుంటే చాలు. సరిహద్దులో అడిగితే చూపడానికి పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి.

మోకాళ్ల మాటకొస్తే, ఫియోర్డ్‌లను కూర్చొని చూడటమే అసలైన పద్ధతి అని నా అభిప్రాయం. మొదటి జవాబులో చెప్పిన రైలు, పడవ, తాడు రైలు మీకూ సరిపోతాయి. జలపాతం వెనుక తడి బాట మాత్రం మానుకోండి. వాటికంటే మీకు తగినది మరొకటి ఉంది. నార్వే తీరం వెంట 1893లో మొదలైన తీరనౌకల సర్వీసు నేటికీ నడుస్తోంది; ఇప్పుడు అది బెర్గెన్‌కూ, ఈశాన్యపు కొసనున్న కిర్కెనెస్‌కూ మధ్య సరుకులను, మనుషులను చేరవేస్తోంది. మొత్తం 34 రేవులలో ఆగుతూ, వెళ్లి రావడానికి 12 రోజులు పడుతుంది. అంతా వెళ్లనక్కర లేదు. సాయంత్రం బెర్గెన్‌లో ఎక్కి, రాత్రి క్యాబిన్‌లో నిద్రపోయి, మర్నాటి ఉదయం ఆలెసుండ్‌లో దిగవచ్చు. 1904లో అగ్నిప్రమాదంలో కాలిపోయి, కొద్ది సంవత్సరాలలోనే ఒకే శైలిలో తిరిగి కట్టిన అందమైన ఊరది. గైరాంగర్ యాత్రకు అదే మంచి మకాం. నౌకలో లిఫ్టులు ఉంటాయి. మెట్లెక్కే అవసరం తక్కువగా ఉన్న క్యాబిన్ కావాలని టికెట్ తీసుకొనేటప్పుడే మీ అబ్బాయి చేత అడిగించండి.

ప్రశ్న: మేము శుద్ధ శాకాహారులం. అక్కడ హోటల్ భోజనం ఖర్చు తలచుకుంటేనే భయంగా ఉంది. ఊరగాయలు, నెయ్యి, పొడులు, కాస్త పాలకోవా తీసుకువెళ్లవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నెయ్యినీ కోవానూ ఇంట్లోనే వదిలిపెట్టండి. మన దేశం వంటి ఐరోపా బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంస పదార్థాలు నార్వేలోకి తీసుకువెళ్లడానికి వీలు లేదు. మీకు అవసరం లేకపోయినా ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను, కోడి పచ్చడి, మటన్ ఊరగాయ కూడా ఇందులోకే వస్తాయి. పచ్చి కూరగాయలు, కరివేపాకు రెబ్బలు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి వంటివి, గట్టిగా మూత వేసి, రెండు పొరల కవర్లలో కట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. అక్కడి చల్లదనంలో నూనె పేరుకుంటుంది, రుచికి లోటు రాదు.

ఖర్చు విషయంలో మీ భయం నిజమే. రెస్టారెంట్‌లో కూర్చొని తింటే ధర మీద 25 శాతం పన్ను, దుకాణంలో కొనుక్కునే ఆహారం మీద 15 శాతం. పల్లెలలోని హోటళ్లలో శాకాహారమంటే ఉడికించిన కూరలు, బంగాళాదుంపలు, లేదా పిజ్జా. అందుకని హోటల్ గదికి బదులు వంటగది ఉన్న హిట్టె తీసుకోండి. హిట్టె అంటే కొయ్య కుటీరం. శిబిర మైదానాలలో ఇవి అద్దెకు దొరుకుతాయి, దుప్పట్లు, తువ్వాళ్లు చాలా చోట్ల విడిగా అద్దెకు తీసుకోవాలి. బియ్యం, పెరుగు, పాలు, వెన్న, కూరగాయలు రేమా, కీవి, కూప్ వంటి దుకాణాలలో దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసివేస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవడం మరవద్దు. మంచినీళ్ల సీసా కొననక్కర లేదు, కుళాయి నీళ్లే తాగవచ్చు. పళ్లరసం సీసా కొంటే ధరలో కొంత పూచీ సొమ్ము కలిసి ఉంటుంది, ఖాళీ సీసా దుకాణంలోని యంత్రంలో వేస్తే అది తిరిగి వస్తుంది. మా ఇంటి పిల్లలకు నార్వేలో అన్నింటికంటే నచ్చింది ఆ యంత్రమే.

పెరుగన్నం, ఆవకాయ పెట్టుకొని ఫియోర్డ్ ఒడ్డున బల్ల మీద కూర్చొని తిన్న పూట, వెయ్యి రూపాయలు మిగిలిన సంతోషం వేరు, ఆ రుచి వేరు.

ప్రశ్న: జూలైలో నలుగురు మిత్రులం వారం రోజులు వెళ్తున్నాము. అర్ధరాత్రి సూర్యుడు, ఉత్తర ధ్రువకాంతులు, ట్రోల్తుంగా బండ మీద ఫొటో, ప్రైకెస్టోలెన్, వీలైతే లోఫోటెన్ దీవులు, ఇవన్నీ కుదిరే ప్రణాళిక చెప్పండి. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కుదరవు. ధ్రువకాంతులు కనిపించాలంటే చీకటి కావాలి. జూలైలో ఆర్కిటిక్ వృత్తానికి పైన చీకటే పడదు. అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడాలంటే ఆ వృత్తం దాటాలి. మీరు చెప్పిన రెండు బండలూ దానికి ఎంతో దక్షిణాన ఉన్నాయి. వారం రోజులలో దక్షిణమో, ఉత్తరమో తేల్చుకోండి.

దక్షిణమైతే, లీసెఫియోర్డ్ మీద 604 మీటర్ల ఎత్తున ఉన్న ప్రైకెస్టోలెన్‌కు రానూ పోనూ దాదాపు 8 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. నడక అలవాటున్న వారందరికీ సాధ్యమే. ట్రోల్తుంగా అలాంటిది కాదు. ఎక్కడ మొదలుపెట్టారన్న దానిని బట్టి 20 నుంచి 28 కిలోమీటర్లు, పది పన్నెండు గంటలు నడవాలి. దారిలో దుకాణం, నీడ లేవు. పైగా ఆ బండ కింద కనిపించేది ఫియోర్డ్ కాదు, రింగెడాల్స్‌వాట్నెట్ అనే సరస్సు. ఫొటో కోసం మాత్రమే వెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. వెళ్లదలిస్తే కొత్త బూట్లతో వెళ్లవద్దు, ఇంటి దగ్గర నెల రోజులు అవే వేసుకొని నడవండి. ఉన్ని లోదుస్తులు, వాన కోటు జూలైలోనూ సంచిలో ఉండాలి. జీన్స్ తడిస్తే ఆరదు. ముందురోజు రాత్రి నార్వే వాతావరణ శాఖవారి యూర్ యాప్ చూసి, గాలివాన అని ఉంటే మానుకోండి. సమయానికి వెనుదిరగడంలో సిగ్గుపడవలసినది లేదని అక్కడి పర్వత నియమాలలోనే రాసి ఉంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. ఓస్లోలో కారు అద్దెకు తీసుకొని గైరాంగర్, ట్రోల్‌స్టిగెన్ వైపు వెళ్లాలని ఉంది. భారతదేశం నుంచి మా తమ్ముడు కూడా వచ్చి నడపడంలో పాలుపంచుకుంటాడు. జాగ్రత్తలేమిటి? – ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీకు కుడి పక్క నడపడం అలవాటే, మీ తమ్ముడికి కొత్త. మొదటి రెండు రోజులూ, కొండదారులలోనూ మీరే నడపండి. ఆయన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకొంటే అద్దె సంస్థ దగ్గర వాదన ఉండదు. పగలు కూడా దీపాలు వేసే నడపాలి. రక్తంలో మద్యం 0.02 శాతం దాటినా నేరమే, అంటే ఒక్క బీరు తాగినా స్టీరింగ్ ముట్టుకోకూడదు. పటంలో వంద కిలోమీటర్లని చూసి గంట అనుకోవద్దు. దారిలో ఫియోర్డ్ అడ్డువస్తే కారుతో సహా ఫెర్రీ ఎక్కాలి, దాని కోసం వరుసలో ఆగాలి. రెండు గంటలకు పైగా పడుతుందని లెక్కవేసుకోండి.

1936లో తెరిచిన ట్రోల్‌స్టిగెన్ రోడ్డు 11 మలుపులతో కొండ ఎక్కుతుంది. శీతాకాలమంతా మూసి ఉంటుంది. రాళ్లు పడే ప్రమాదం వల్ల 2024 వేసవిలోనూ మూసివేశారు. కనుక దాని మీదనే ఆధారపడి హోటళ్లు కట్టుదిట్టం చేసుకోకుండా, బయలుదేరే ముందు రహదారుల శాఖ సమాచారం చూసుకోండి. అది మూసి ఉన్నా గైరాంగర్ చేరడానికి వేరే దారులున్నాయి, అక్కడి నుంచి ఎక్కే ఓర్నెవెగెన్ రోడ్డుకూ 11 మలుపులే. సొరంగాలంటే ఎవరికైనా భయముంటే ముందే చెప్పమనండి. ఓస్లో, బెర్గెన్‌ల మధ్య దారిలో ఉన్న లేర్దాల్ సొరంగం 24.5 కిలోమీటర్లు, లోపల 20 నిమిషాలు పడుతుంది. డ్రైవర్ల అలసట పోగొట్టడానికి దారిలో మూడు చోట్ల గుహల్లా విశాలంగా తవ్వి, నీలి దీపాలు పెట్టారు.